పుట్టిన బిడ్డకు తొలి సూది: మంత్రసాని సందేహాలు, శాస్త్రం సమాధానాలు

సూది మందు అనగానే మన చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాల పాతవారికి గుర్తుకు వచ్చేది ఐ.పి.ఎం. దాని పూర్తి పేరు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అనగా రోగ నివారణ వైద్య సంస్థ. కుక్క కరిచిన పిల్లవాడి రెక్క పట్టుకొని నారాయణగూడకు పరుగెత్తిన తల్లిదండ్రులు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. అక్కడ సూది ఎందుకని ఎవరూ అడగలేదు. కుక్క కరవడం కళ్లారా చూశారు, భయం ఎదురుగానే ఉంది.

కాని ఏ కుక్కా కరవని, ఏ జబ్బూ లేని, కేరుమని ఏడుస్తున్న ఆరోగ్యవంతమైన బిడ్డకు, పుట్టిన కొద్దిసేపటికే తొడలో సూది ఎందుకు వేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను వైద్య విద్యార్థినిని కాను. జీవరసాయన శాస్త్రం చదువుకుంటున్నదాన్ని. అయినా ఈ ప్రశ్న మా ఇంట్లోనే పుట్టింది కనుక దాని వెంట పడక తప్పలేదు.

ప్రశ్న పుట్టిన విధం

మా ఇల్లు అశోక్‌నగర్‌లో, సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరం. మా అక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నగరంలోని ఒక ప్రసూతి ఆస్పత్రిలో ఆడపిల్లను కన్నది. మా అమ్మమ్మ నల్గొండ జిల్లాలో ఒక పల్లెలో ముప్పై ఏండ్లు కాన్పులు చేసిన మనిషి. ఊరంతా ఆమెను మంత్రసాని అనేవారు, ముస్లిం ఇండ్లలో దాయమ్మ అనేవారు. బిడ్డకు స్నానం పోయడానికీ, అక్కకు పథ్యం పెట్టడానికీ ఆమెను పిలిపించుకున్నాం.

ఆస్పత్రిలో నర్సు వచ్చి బిడ్డ తొడకు సన్నని సూది వేసి వెళ్లిపోయింది. ఏ మందో, ఎందుకో చెప్పలేదు. అమ్మమ్మకు కోపం వచ్చింది.

“పుట్టి గడియ కాలేదు, గప్పుడే సూదేందే? నేను వెయ్యి కాన్పులు జేసిన. ఒక్క పొల్లకన్న సూది ఏసిన్నా? అందరు బతకలేదా?”

నా దగ్గర జవాబు లేదు. అట్ట మీద చూస్తే “విటమిన్ కె1” అని ఉంది. విటమిన్ అంటే బలానికి వేసేది గదా, ఇంత అర్జంటు ఏమిటని నాకూ అనిపించింది. ఆ సాయంత్రమే పుస్తకాలు ముందేసుకున్నాను.

కె విటమిన్ ఎవరు కనుక్కున్నారు?

ఈ విటమిన్ కథ కోడిపిల్లలతో మొదలైంది. డెన్మార్కు దేశపు కోపెన్‌హేగెన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రజ్ఞుడు 1929 ప్రాంతంలో కోడిపిల్లలకు కొవ్వు తీసేసిన దాణా పెట్టి కొలెస్టరాల్ మీద ప్రయోగాలు చేస్తున్నాడు. కొన్నాళ్లకు వాటికి చర్మం కింద, కండరాల్లో నెత్తురు కారడం మొదలైంది. తీసిన రక్తం గడ్డకట్టడం లేదు. అప్పటికి తెలిసిన విటమిన్లు ఏవి ఇచ్చినా ఫలితం లేదు. దాణాలోని కొవ్వుతోపాటు మరేదో పదార్థం పోయిందని ఆయన గ్రహించాడు. 1935లో దానికి ‘కె’ అని పేరు పెట్టాడు. రక్తం గడ్డకట్టడాన్ని డేనిష్, జర్మన్ భాషల్లో కోయాగ్యులేషన్ అనే అంటారు. అక్కడ ఆ మాట ‘కె’ అక్షరంతో మొదలవుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ డాయిసీ ఈ విటమిన్‌ను శుద్ధి చేసి 1939లో దాని నిర్మాణాన్ని తేల్చాడు. ఇద్దరికీ కలిపి 1943 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

ఇక అది చేసే పని ఏమిటో చూద్దాం. మన కాలేయం రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లను తయారుచేస్తుంది. వాటిలో నాలుగింటికి, అంటే 2, 7, 9, 10 నంబర్ల కారకాలకు, కె విటమిన్ తప్పనిసరి. ఈ ప్రోటీన్లలోని గ్లుటామిక్ ఆమ్ల భాగాలకు ఇంకొక కార్బాక్సిల్ సమూహం అతకాలి. అప్పుడే అవి కాల్షియంను పట్టుకొని గాయం దగ్గర పని మొదలుపెడతాయి. ఈ రహస్యం 1974లో బయటపడింది. కొక్కెం లేని తాళం గొలుసు తలుపుకు ఉన్నా ఎంత ఉపయోగమో, కె విటమిన్ అందని ఈ ప్రోటీన్లు రక్తంలో ఉన్నా అంతే ఉపయోగం. చూడ్డానికి ఉంటాయి, గడియ పడదు.

పసిబిడ్డకే ఎందుకు కొరత?

పెద్దవాళ్లకు ఈ కొరత అరుదు. తోటకూర, పాలకూర, మెంతికూర వంటి ఆకుకూరల్లో ఇది పుష్కలంగా ఉంటుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా కొంత తయారుచేస్తాయి. బిడ్డ సంగతి వేరు. దానికి నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, తల్లి రక్తంలోని కె విటమిన్ మాయను దాటి బిడ్డకు చాలా తక్కువగా చేరుతుంది. తల్లి రక్తంలో ఉన్నదానిలో సుమారు ముప్పయ్యో వంతు మాత్రమే బొడ్డుతాడు రక్తంలో కనిపిస్తుంది. రెండవది, పుట్టిన బిడ్డ పేగుల్లో సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోలేదు. మూడవది, కాలేయం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. నాలుగవది, తల్లిపాలలో ఈ విటమిన్ బహు తక్కువ, లీటరుకు 1 నుంచి 4 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు.

ఈ నాలుగో కారణాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. డబ్బాపాలలో కె విటమిన్ కలుపుతారు కనుక వాటి మీద పెరిగే బిడ్డకు ఈ కొరత తక్కువ. అంతమాత్రాన తల్లిపాలు మానిపించమని ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. తల్లిపాలకు సాటి లేదు. వాటిలో లేని ఒక్క వస్తువును ఒక్కసారి అందించి, హాయిగా పాలు తాగనివ్వడమే ఈ సూది ఉద్దేశం.

మన విశ్వవిద్యాలయం పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చింది. గర్భిణి ఆకుకూరలు తినాలన్న మాట తెలుగు ఇండ్లలో పాతుకుపోయింది. అది మంచి మాటే, తల్లికి మేలు చేసేదే. కాని తల్లి ఎంత ఆకుకూర తిన్నా మాయ దగ్గర అడ్డు అడ్డే కనుక బిడ్డకు కావలసినంత చేరదు.

కొరత వస్తే ఏమవుతుంది?

పసిబిడ్డల్లో ఈ రక్తస్రావాన్ని 1894లోనే బోస్టన్ వైద్యుడు చార్లెస్ టౌన్సెండ్ ఒక ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. కారణం తెలియడానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది. నేడు దీన్ని మూడు రకాలుగా విభజిస్తారు.

తొలి 24 గంటల్లో వచ్చేది మొదటి రకం. గర్భిణిగా ఉన్నప్పుడు తల్లి మూర్ఛకు, క్షయకు కొన్ని మందులు వాడితే ఇది రావచ్చు.

రెండో రోజు నుంచి వారంలోపు వచ్చేది రెండవ రకం. బొడ్డు దగ్గర నెత్తురు ఆగకపోవడం, మలంలో నెత్తురు, ముక్కు నుంచి రక్తం, సున్తీ చేసిన చోట ఆగని రక్తం దీని లక్షణాలు. నివారణ మందు ఇవ్వనిచోట వందకు 0.25 నుంచి 1.7 మంది బిడ్డలకు ఇది వస్తుందని అంచనా.

రెండు వారాలు దాటాక, ఆరు నెలలలోపు వచ్చేది మూడవ రకం. ఎక్కువగా మూడు నుంచి ఎనిమిది వారాల మధ్య వస్తుంది. ఇది అరుదు. నివారణ మందు లేనిచోట లక్ష మందికి 4 నుంచి 7 గురు. కాని భయంకరమైనది ఇదే. ఈ బిడ్డల్లో దాదాపు సగం మందికి మెదడులో రక్తస్రావం జరుగుతుంది. బతికినా ఫిట్సు, చేతులు కాళ్లు పడిపోవడం వంటి లోపాలు జీవితాంతం మిగిలిపోవచ్చు.

మన ఆచారాల్లోకి వచ్చి చూస్తే ఈ కాలం ఎప్పుడో తెలుస్తుంది. ఇరవై ఒకటో రోజు బారసాల అయింది. ఉయ్యాల్లో వేశారు, పేరు పెట్టారు. తల్లీ బిడ్డా పుట్టింట్లో క్షేమంగా ఉన్నారు, ఆస్పత్రి సంగతి అందరూ మరచిపోయారు. సరిగ్గా ఆ నిశ్చింత రోజుల్లోనే ఈ మూడవ రకం వస్తుంది.

మంత్రసాని సందేహాలు

ఇంత చదివాక అమ్మమ్మకు పాఠం చెప్పబోయాను. ఆమె ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే అడిగింది. మా వీధి చివర చిక్కడపల్లి వైపు ఒక రిటైరైన నర్సమ్మ ఉంటుంది. ఎ.ఎన్.ఎం.గా ఉద్యోగం చేసింది. అందరం ఆమెను సిస్టరమ్మ అంటాం. అమ్మమ్మ ప్రశ్నలు మోసుకొని ఆమె దగ్గరకు వెళ్లాను. వాటిలో చాలా ప్రశ్నలు ఇంగ్లండులో, అమెరికాలో చదువుకున్న మిడ్‌వైఫులు కూడా అడిగినవేనని తరువాత తెలిసింది. ఇంగ్లండుకు చెందిన మిడ్‌వైఫ్ సారా విక్‌హమ్ ఈ ఒక్క విషయం మీద పుస్తకమే రాసింది. కనుక ఇవి చదువురాని ముసలివాళ్ల భయాలని కొట్టిపారేయడం తగదు.

మొదటి సందేహం: “దేవుడు బిడ్డను తక్కువ చేసి పుట్టిస్తడా?” పుట్టిన ప్రతి బిడ్డలోనూ ఒక పదార్థం తక్కువుంటే అది జబ్బు కాదు, స్వభావం కావచ్చు గదా అని దీని సారాంశం. ఇది మంచి ప్రశ్న. నిజానికి ఎక్కువమంది బిడ్డలు ఆ తక్కువతోనే బతికి బట్టకడతారు. కాని ప్రకృతి ప్రతి బిడ్డకూ హామీ ఇవ్వదు. కాన్పుల్లో పోయిన తల్లులూ ప్రకృతి చేతిలోనే పోయారు. ఆ సంగతి మంత్రసాని కంటె ఎక్కువ ఎవరికి తెలుసు?

రెండవ సందేహం అనుభవానికి సంబంధించింది: “నా చేతి మీద పుట్టినోళ్లు బతకలేదా?” ఇక్కడ కాస్త లెక్క వేయాలి. మూడవ రకం రక్తస్రావం లక్షకు 4 నుంచి 7 అనుకుంటే, సుమారు 14 వేల నుంచి 25 వేల కాన్పులకు ఒకటి. జీవితమంతా శ్రమించి వెయ్యి కాన్పులు చేసిన మంత్రసానికి ఒక్క కేసు కూడా కనిపించకపోవడమే సహజం. కనిపించినా, నెలన్నర తరువాత ఫిట్సు వచ్చి పోయిన బిడ్డకు పురుడు రోజుతో సంబంధం ఉందని ఎవరు అనుకుంటారు? దిష్టి అంటారు, గాలి అంటారు. ఆమె అనుభవం అబద్ధం కాదు. అరుదైన జబ్బును పట్టుకోవడానికి ఒక మనిషి అనుభవం చాలదు, అంతే.

మూడవ సందేహం: “బొడ్డు నిదానంగ కోస్తే చాలదా?” మాయ పడ్డాకనే బొడ్డు కోయడం మన పల్లెల పద్ధతి. ఆస్పత్రులు చాలాకాలం వెంటనే కత్తిరించాయి. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి కత్తిరించమంటున్నది. ఈ విషయంలో పాత మంత్రసాని మాటే నెగ్గింది. అయితే అలా ఆగడంవల్ల బిడ్డకు దక్కేది రక్తం, ఇనుము. ఆ రక్తంలోనే కె విటమిన్ తక్కువ కనుక ఈ కొరత దానితో తీరదు. ముర్రుపాల సంగతీ ఇంతే. అవి అమృతమే, తప్పక పట్టాలి. ఈ ఒక్క లోటు మాత్రం వాటితో పూర్తిగా భర్తీ కాదు.

నాలుగవది: “తల్లి పొట్ట మీద పండాల్సిన బిడ్డను గుంజుకపోయి సూది ఏసుడేంది?” ఈ అభ్యంతరంలో మంత్రసానిదే న్యాయం. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు కూడా అదే చెప్పింది. మొదటి గంట బిడ్డ తల్లి ఒంటిని అంటిపెట్టుకొని ఉండాలి, పాలు మొదలుకావాలి, ఆ తరువాతే 1 మిల్లీగ్రాము కె విటమిన్ కండరంలోకి ఇవ్వాలి అని. సూదికి తొందర లేదు. తల్లి పాలిస్తుండగా వేస్తే బిడ్డకు నొప్పి కూడా తక్కువగా తెలుస్తుంది.

అయిదవది మోతాదు గురించి. ఇది అమ్మమ్మ అడగలేదు, నేనే అడిగాను. ఆరు నెలలలోపు బిడ్డకు రోజుకు కావలసింది సుమారు 2 మైక్రోగ్రాములు. సూదిలో ఇచ్చేది 1000 మైక్రోగ్రాములు. అయిదు వందల రెట్లు! ఇది ప్రమాదం కాదా? సమాధానం ఏమంటే, ఆ మందు కండరంలో నిలువ ఉండి, గరిసెలోని ధాన్యంలా కొద్దికొద్దిగా నెలల తరబడి ఖర్చవుతుంది. ఇప్పుడు వాడే కె1 రకం ఈ మోతాదులో విషమించినట్టు దశాబ్దాల వాడకంలో తేలలేదు. అయితే ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1950 ప్రాంతాల్లో మెనడయోన్ అనే కృత్రిమ పదార్థాన్ని, అంటే కె3ని, పసిబిడ్డలకు ఎక్కువ మోతాదుల్లో ఇచ్చారు. దానివల్ల ఎర్రకణాలు పగిలి, కామెర్లు ముదిరి, కొందరు బిడ్డల మెదడు దెబ్బతిన్నది. వైద్యులు దాన్ని మానేసి కె1కు మారారు. జాగ్రత్త అడిగిన నర్సులది పిచ్చి భయం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆరవది: “నోట్లో చుక్కలు ఎయ్యరాదా?” వేయవచ్చు, కొన్ని దేశాల్లో వేస్తున్నారు. కాని ఒక్కసారితో సరిపోదు. పలుమార్లు, కొన్నిచోట్ల రోజూ వారాల తరబడి వేయాలి. ఒక పూట మరిస్తే రక్షణ తగ్గుతుంది. పుట్టుకతో పైత్యనాళాలు మూసుకుపోయిన బిడ్డకు కొవ్వులో కరిగే ఈ విటమిన్ నోటి ద్వారా ఇచ్చినా సరిగా ఒంటబట్టదు. అసలు ఎక్కువ ప్రమాదంలో ఉన్నది అలాంటి బిడ్డలే. కనుక సూదే మేలని తేలింది.

విదేశాల్లో జరిగిన వివాదం

అమెరికా శిశువైద్యుల అకాడమీ 1961లోనే పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ సూది సిఫారసు చేసింది. మూడు దశాబ్దాలు పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు. 1992లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నుంచి జీన్ గోల్డింగ్ బృందం ఒక పరిశోధన ప్రకటించింది. ఈ సూదికీ పిల్లల్లో క్యాన్సరుకూ సంబంధం ఉండవచ్చని దాని సారాంశం. తల్లులు హడలిపోయారు. పురుడు పోసే మిడ్‌వైఫులు ఇరకాటంలో పడ్డారు. చాలా ఆస్పత్రులు సూది మాని చుక్కలకు మారాయి.

శాస్త్రం చేయవలసిన పనే చేసింది, మళ్లీ మళ్లీ లెక్క చూసింది. 1993లో స్వీడన్‌లో 13 లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించారు. సంబంధం కనిపించలేదు. తరువాత జరిగిన అధ్యయనాలు కూడా ఆ భయాన్ని నిలబెట్టలేదు. కాని పుకారు పుట్టినంత త్వరగా చావదు. 2013లో అమెరికాలోని నాష్‌విల్ నగరంలో కొద్ది నెలల వ్యవధిలో నలుగురు పసిబిడ్డలకు మూడవ రకం రక్తస్రావం వచ్చింది. ముగ్గురికి తలలోపలే. నలుగురిలో ఒక్కరికీ పుట్టినప్పుడు ఈ సూది వేయలేదు, తల్లిదండ్రులు వద్దన్నారు. ఎందుకు వద్దన్నారని అడిగితే చెప్పిన కారణాల్లో క్యాన్సరు భయమూ ఉంది, ఆరోగ్యమైన బిడ్డకు అనవసరమన్న నమ్మకమూ ఉంది. అప్పటికి ఆ అనుమానం తప్పని తేలి ఇరవై ఏళ్లయింది. అధికారులు విచారిస్తే అక్కడి ప్రసవ కేంద్రాల్లో వందకు 28 మంది ఈ సూదిని నిరాకరిస్తున్నట్టు బయటపడింది.

మన దగ్గర

మన దేశంలో కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో దీనిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్పత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ, అది పెద్దాస్పత్రి అయినా చిన్న కేంద్రమైనా, కె విటమిన్ సూది వేయాలి. బరువు 1000 గ్రాములు దాటితే 1 మిల్లీగ్రాము, లోపైతే అర మిల్లీగ్రాము. డాక్టరే వేయనక్కరలేదు, స్టాఫ్ నర్సు గాని ఎ.ఎన్.ఎం. గాని వేయవచ్చు. తొడ ముందువైపు బయటి భాగంలో వేస్తారు. ఇది టీకా కాదు. పుట్టినప్పుడు ఇచ్చే బి.సి.జి., పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేరు, ఇది వేరు. ఒకటి వేశారు గదా అని మరొకటి మానకూడదు.

సిస్టరమ్మ ఇక్కడ ఒక మాట చెప్పింది. “మా డ్యూటీలో అసలు భయం మందుది కాదమ్మా, చేతిది. తల్లికి రక్తం ఆగడానికి ఇచ్చే ఇంజెక్షనూ బిడ్డకిచ్చే ఇంజెక్షనూ ఒకే ట్రేలో పెడితే ఒకదానికి ఒకటి మారిపోవచ్చు. తల్లి ట్రే వేరు, బిడ్డ ట్రే వేరు. అట్ట చదవకుండా అంపూలు విరవకూడదు.” తరువాత చదివితే, తల్లికివ్వవలసిన మెథర్జిన్ పొరపాటున పసిబిడ్డలకు వేసి ప్రాణాపాయం తెచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. నర్సు జాగ్రత్త అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. అమ్మమ్మ కాలపు మంత్రసాని వృత్తి దాదాపు ముగిసిందని చెప్పవచ్చు. కాని మంత్రసాని మరొక రూపంలో తిరిగి వస్తున్నది. నారాయణగూడకు దగ్గరలోని బొగ్గులకుంటలో 1948లో చిన్నగా మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి 2011లో మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ సంస్థ, యూనిసెఫ్ తోడ్పాటుతో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ప్రకటించింది. తల్లి పక్కన కూర్చొని, భయం పోగొట్టి, సహజ కాన్పు చేయించడం వీరి పని. పాత మంత్రసాని ఓపిక, కొత్త నర్సు చదువు ఒకే చేతిలో కలవాలన్నది ఆశయం. ఆ చేతిలో ఈ సూది కూడా ఉండాలి, దాని గురించి చెప్పే మాటా ఉండాలి.

మాట ఎప్పుడు చెప్పాలి?

చివరి సందేహం అన్నిటికంటె పెద్దది: “అడగకుంట ఎట్ల ఏస్తరు?” మా ఇంట్లో గొడవకు అసలు కారణం ఇదే. సూది మంచిదే. చెప్పకుండా వేయడమే అనుమానానికి విత్తనం. కాన్పు నొప్పుల్లో ఉన్న తల్లికి పాఠం చెప్పడం కుదరదు. ఏడో నెలలో పరీక్షకు వచ్చినప్పుడు నాలుగు మాటలు చెబితే చాలు. తల్లితోపాటు అమ్మకూ అత్తకూ అమ్మమ్మకూ చెప్పాలి. మన ఇండ్లలో బిడ్డ విషయం ఒక్కరు నిర్ణయించేది కాదు గదా.

ఒక ఆదివారం సిస్టరమ్మే మా ఇంటికి వచ్చింది. బిడ్డను ఒళ్లో పెట్టుకొని అమ్మమ్మకు అన్నీ నెమ్మదిగా చెప్పింది. అమ్మమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత ఎప్పుడూ మాకు చెప్పని సంగతి చెప్పింది.

“మా ఊళ్లె ఒక పిలగానికి నాలుగో రోజు బొడ్డు కాడ నెత్తురు ఆగలే సిస్టరమ్మా. బూడిద పెట్టిన, గుడ్డ కట్టిన, ఆగలే. తెల్లారేసరికి పోయిండు. నేను బొడ్డు సక్కగ కట్టలేదన్నరు. ఆ ఇంటోళ్లు మల్ల నన్ను పిలువలే. నేను గట్టిగనే కట్టిన.”

సిస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. “కట్టే ఉంటావు పెద్దమ్మా. నెత్తురుకే గడ్డకట్టే గుణం లేకపోతే దారం ఎంత గట్టిగా కట్టినా ఏం చేస్తుంది?”

ఆ బిడ్డ ఎందువల్ల పోయాడో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. బొడ్డుకు చీము పట్టినా నెత్తురు కారవచ్చు. కాని నలభై ఏళ్లుగా ఒక మనిషి తన చేతిని తానే అనుమానించుకుంటూ బతికింది. అలాంటి మంత్రసానులు మన పల్లెల్లో ఎందరు ఉండి ఉంటారో! కె విటమిన్ సూది బిడ్డను కాపాడేదని మనకు తెలుసు. పురుడు పోసిన చేతిని కూడా అది నింద నుంచి కాపాడుతుందని నాకు ఆ రోజే తోచింది.

ముగింపు

నివారణ వైద్యానికి ఒక దురదృష్టం ఉంది. అది ఫలించినప్పుడు ఏమీ జరగదు. జరగనిదానికి ఎవరూ కృతజ్ఞత చెప్పరు. రాని రక్తస్రావం ఏ తల్లికీ కనిపించదు, వేసిన సూది మాత్రం కనిపిస్తుంది. కనుకనే దీన్ని విప్పి చెప్పవలసిన బాధ్యత చదువుకున్నవారి మీద ఉంది.

విద్యార్థి మిత్రులారా, మనలో చాలామందిమి కొద్ది సంవత్సరాల్లో అక్కలం, బాబాయిలం, తల్లిదండ్రులం అవుతాం. అప్పటికి ఈ కొద్ది విషయాలు గుర్తుంచుకుంటే చాలు. కాన్పుకు ముందే ఆస్పత్రిలో అడగండి. బిడ్డ పుట్టాక “కె ఇచ్చారా, కార్డులో రాశారా?” అని ఒక్క ప్రశ్న వేయండి. ఇంట్లోనో దారిలోనో కాన్పయితే బిడ్డను త్వరగా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈ సూది సంగతి అడగండి. మొదటి మూడు నెలల్లో బొడ్డు, ముక్కు, మలంలో నెత్తురు కనిపించినా, కారణం లేకుండా ఒంటి మీద కమిలిన మచ్చలు వచ్చినా, టీకా వేసినచోట, చెవులు కుట్టినచోట రక్తం ఆగకపోయినా, బిడ్డ పాలు మాని మగతగా పడి ఉన్నా, ఫిట్సు వచ్చినా, పాలిపోయినా, మాడు ఉబ్బినా గంట కూడా ఆగవద్దు. రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గకుండా మలం తెల్లగా పోతుంటే అది కూడా వెంటనే చూపించవలసిన లక్షణమే.

మా అక్క బిడ్డకు ఇప్పుడు ఆరు నెలలు దాటాయి. బోర్లాపడి నవ్వుతున్నది. మొన్న పక్కింటి కోడలికి ఏడో నెల పడిందని తెలిసి అమ్మమ్మ వాకిట్లోనే ఆమెను ఆపింది. “బిడ్డ పుట్టంగనె పాలియ్యి. గంట అయినంక తొడకు కె సూది ఏయమను. ఏసినంక కాయితం మీద రాయమను” అని చెప్పింది. పాఠం నేను చదివాను గాని, వీధిలో దాన్ని చెప్పగలిగింది అమ్మమ్మే.